గోడకి అయిదు బొమ్మలు

విశాఖపట్నం స్టేడియంలో రెండు స్టాండ్లకి ఆడవాళ్ళ పేర్లు పెట్టేరన్న సంగతి మీరు పేపర్లో చూసే ఉంటారు. 2025 అక్టోబరు 12న, ప్రపంచకప్పులో మన ఆడపిల్లలు ఆస్ట్రేలియాతో ఆడిన రోజున జరిగిందది. ఒక పేరు మిథాలీ రాజ్. రెండోది రావి కల్పన. ఆ రోజు మనవాళ్ళు 330 పరుగులు చేసీ ఓడిపోయేరు. ఆ బాధలో పడి స్టాండ్ల సంగతి చాలామంది పట్టించుకోలేదు. మాడుగుల్లో మా పెదనాన్నగారు మాత్రం పట్టించుకున్నారు. ఆయన పట్టించుకున్నారంటే ఇంటిల్లిపాదీ పట్టించుకోవలసిందే.

మాడుగుల అనగానే మీలో సగంమందికి హల్వా గుర్తొస్తుందని నాకు తెలుసు. గోధుమలు నానబెట్టడం, పాలు తియ్యడం, కట్టెల పొయ్యి దగ్గర గంటలకొద్దీ కలియబెట్టడం – ఆ పురాణం ఇంకోవారం చెప్పుకుందాం. హల్వా విషయంలో మా ఇంట్లో ఎప్పుడూ భేదాభిప్రాయం లేదు. వచ్చిందల్లా ఆటగాళ్ళ విషయంలోనే.

పెదనాన్నగారు రిటైరైన సోషలు మేష్టారు. 82 ఏళ్ళు. ఆయన వీధిగదిలో పెద్ద టీవీ ఉంది. మేచి ఉందంటే వీధిలో పిల్లలందరూ అక్కడే చేరతారు. అరుగుమీద చెప్పులు చూస్తే పెళ్ళివారి విడిదిలా ఉంటుంది. ఈ మధ్య ఆ గదికి సున్నం వేయించేరు. ఆ రెండు గుమ్మాల మధ్య గోడమీద, పిల్లల కళ్ళకి ఎదురుగా, మనవాళ్ళలో గొప్ప ఆటగాళ్ళ బొమ్మలు పెట్టాలని సంకల్పించేరు. వడ్రంగి కొలిచి చూసి అయిదే పడతాయన్నాడుట. దీపావళికి మేం వెళ్ళేసరికి చట్రాలూ, అద్దాలూ, మేకులూ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. లోపల ఉండవలసిన మనుషులే ఇంకా తేలలేదు.

తేల్చడానికి పద్ధతి చెప్పినవాడు మా పెదనాన్నగారబ్బాయి. మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. పండగ పూట ఫోను చేసి, ఇక్కడి గొడవంతా విని, “నాన్నా, ఇక్కడ దీనికో లెక్కుంది” అన్నాడు.

అమెరికావాళ్ళకి బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది గదా. మన క్రికెట్టుకి జ్ఞాతి, బిళ్ళంగోడుకి దూరపు చుట్టం అనుకోండి. ఆ ఆటలో మహానుభావుల కోసం న్యూయార్కు రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఒక కీర్తిమందిరం కట్టుకున్నారు. హాల్ ఆఫ్ ఫేమ్ అంటారు. ఆట గురించి రాసే పత్రికల వాళ్ళు వోట్లు వేస్తారు. నూటికి 75 రావాలి. ఒక్కటి తగ్గినా గడప దాటనివ్వరు. ఆడ్డం మానేసి అయిదేళ్ళు నిండితేగాని పోటీకి తీసుకోరు. 1936లో మొట్టమొదటిసారి వోట్లు వేసినప్పుడు అయిదుగురే నెగ్గేరు. వాళ్ళలో బేబ్ రూత్ అంతటివాడికి కూడా 226లో 215 వోట్లే వచ్చేయి. మిగతా 11 మంది ఏం చూసి మానేరో! నూటికి నూరూ తెచ్చుకున్నవాడు ఇంతవరకూ ఒక్కడే – మరియానో రివేరా, 2019లో.

అయిదుగురు అనేసరికి పెదనాన్నగారు కుర్చీలో ముందుకి జరిగేరు. 1936 అనేసరికి మరీను. ఆ ఏటికీ ఆయనకీ ఉన్న లంకె తరవాత చెప్తాను.

వోటర్లం ఎనమండుగురం తేలేం. పెదనాన్నగారూ, దొడ్డమ్మా, మా అక్కా, బేంకులో పనిచేసే మా బావగారూ, ఎనిమిదో క్లాసు చదివే వాళ్ళ అమ్మాయీ, మా వారూ, నేనూ, ఫోనులో అన్నయ్యా. ఒక్కొక్కరికి అయిదేసి పేర్లకి మించకూడదు. ఆరు వోట్లొస్తే గోడెక్కినట్టు. తెలుగువాళ్ళయినా సరే, తెలుగుదేశంలో పెరిగినవాళ్ళయినా సరే. ఆడుతున్నవాళ్ళు పనికిరారు. దాంతో పి.వి. సింధు పోయింది; పిల్ల పట్టుబట్టిన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా పోయింది. (ఆ శ్రీచరణే 14 వికెట్లు తీసి, నవంబరు 2న మనవాళ్ళు ప్రపంచకప్పు నెగ్గినప్పుడు జట్టులో ఉంది. మా పిల్ల నాకు ఆ రాత్రే ఫోను చేసి, “మీ రూలు చూసేవా పిన్నీ?” అంది.) అయిదేళ్ళ లెక్కన మిథాలీ రాజ్‌కీ అడ్డం వచ్చింది. ఆవిడ మానేసింది 2022 జూన్‌లో. 232 వన్డేలూ, 7,805 పరుగులూ ఉన్నావిడ గుమ్మం బయట నిలబడవలసి వచ్చింది. ఇదేం న్యాయమని నేనడిగితే, “రూలు రూలే. 2027లో వస్తుంది” అన్నారు బావగారు. బేంకువాళ్ళతో పెట్టుకోకూడదు.

కరణం మల్లీశ్వరి దగ్గర ఎవరికీ పేచీ లేకపోయింది. శ్రీకాకుళం జిల్లా పిల్ల. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో 110 కిలోలు ఒకసారీ, 130 కిలోలు ఒకసారీ ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో పతకం తెచ్చిన మొదటి భారత స్త్రీ. ఎనిమిదికి ఎనిమిది వోట్లు! రివేరా తరవాత మా మల్లీశ్వరే. వి.వి.ఎస్. లక్ష్మణ్‌కీ అంత కష్టం కాలేదు. 2001 మార్చిలో కలకత్తాలో కొట్టిన 281 చాలు. దొడ్డమ్మ ఒక్కర్తే, “మంచి కుర్రాడేగాని నా చీటీలో చోటు లేదు” అంది.

ఆవిడ చీటీలో చోటంతా కోడి రామ్మూర్తినాయుడుగారు ఆక్రమించేరు లెండి. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు. మోటారు కార్లు కట్టిన తాళ్ళు పట్టుకుని వాటిని కదలనివ్వలేదనీ, గుండెలమీద ఏనుగుని నడిపించుకున్నారనీ మన జిల్లాల్లో చెప్పుకోని ఇల్లు లేదు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే.

“అత్తయ్యగారూ, దానికి లెక్కలేవీ?” అన్నారు బావగారు. “ఎన్ని కిలోలు, ఎన్ని సెకన్లు అన్నది ఎవరు రాసుకున్నారు?”

“రాసుకోకపోతే ఏనుగు నడవలేదా?” అంది దొడ్డమ్మ.

ఇక్కడ అన్నయ్య అందుకున్నాడు. 1947 దాకా వాళ్ళ పెద్ద లీగుల్లోకి నల్లవాళ్ళని రానిచ్చేవారు కాదు. వాళ్ళు వేరే లీగులు పెట్టుకుని ఆడుకున్నారు. అధికార లెక్కల్లో వాళ్ళ ఆట లేదు. లెక్కలో లేదంటే ఆట లేనట్టే అని చాలాకాలం నడిచిపోయింది. తీరా 2024 మేలో ఆ పాత చిట్టాలు వెతికి తీసి కలిపితే ఏమైందనుకున్నారు? మొదటి అయిదుగురిలో ఒకడైన టై కాబ్ సగటుని దాటి, జాష్ గిబ్సన్ అనే నల్లజాతి ఆటగాడు వెయ్యికి 372తో మొదటి స్థానానికి వచ్చేడు. ఆయన 1947లోనే చనిపోయేడు. ఈ మాట విని మా వారు కూడా రామ్మూర్తినాయుడుగారికి వోటేసేరు. సరిగ్గా ఆరు. దొడ్డమ్మ లేచి అందరికీ కాఫీలు పట్టుకొచ్చింది. ఓడిపోతే తెచ్చేదో లేదో చెప్పలేను.

అసలు యుద్ధం సి.కె. నాయుడుగారి దగ్గర మొదలైంది.

కొటారి కనకయ్యనాయుడుగారు నాగపూరులో పుట్టినా తెలుగు కుటుంబంవారు. మన దేశం మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు, 1932 జూన్‌లో, లార్డ్స్ మైదానంలో నాయకుడు ఆయనే. ఈయన పేర కూపర్స్‌టౌన్ లాంటిచోట ఒక గది ఉండాలి గదా? అంతర్జాతీయ క్రికెట్ సంస్థవాళ్ళు 2009లో అలాంటి కీర్తిమందిరం తామూ పెట్టేరు. బేడీ, గవాస్కర్, కపిల్‌దేవ్ మొదటి విడతలోనే వెళ్ళేరు. 2025లో ధోనీ వెళ్ళేడు. ఇన్నేళ్ళలోనూ నాయుడుగారిని మాత్రం ఎవరూ పిలవలేదు.

“పిలవరు మరి. 7 టెస్టులు. 350 పరుగులు. సగటు 25,” అన్నారు బావగారు, పద్దు చదివినట్టు. “పేరు పక్కన పెట్టి అంకెలు చూడండి మామగారూ. అప్పివ్వగలమా?”

పెదనాన్నగారికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. “అల్లుడుగారూ, 1932 నుంచి 1936 దాకా మన దేశం ఆడిన టెస్టులెన్నో తెలుసునా? ఏడే. ఏడింటిలోనూ ఆయనున్నారు. ఎనిమిదోది ఉంటే అదీ ఆడి ఉండును. మొదటి టెస్టు నాటికే ఆయనకి 36 దాటేయి. 1926 డిసెంబరులో బొంబాయిలో ఎం.సి.సి. వాళ్ళమీద 11 సిక్సర్లు కొట్టి 153 చేసేరే, అది టెస్టు కాదు కాబట్టి మీ పద్దులో లేదు. ఆ ఆట చూసేక గదా మనవాళ్ళు టెస్టులాడగలరన్న నమ్మకం దొరలకి కుదిరింది! 1953లో ఆంధ్ర జట్టు కొత్తగా రంజీలో దిగితే ఆ సీజన్లో మనకీ ఆడేరు, 58 ఏళ్ళ వయసులో. మీకింకా సర్వీసుంది గాని, 58కి ఎండలో నిలబడి చూడండి.”

బావగారు వోటెయ్యలేదు. ఏడుతో నాయుడుగారు నెగ్గేరు. నా ఉద్దేశంలో బావగారిదీ మరీ పిడివాదం కాదు. అంకెలు లేకపోతే ఎవరి ముత్తాత వాళ్ళకి గొప్పవాడే. కాని ఎన్నిసార్లు ఆడనిచ్చేరన్నది చూడకుండా ఎన్ని పరుగులన్నది చూస్తే, ఒంటిపూట పనిచ్చి రోజుకూలి లెక్కలో తప్పు పట్టినట్టుంటుంది.

ఇప్పుడు 1936 సంగతి. పెదనాన్నగారి అయిదో పేరు విజ్జీ. విజయనగరం మహారాజకుమార్ సర్ విజయానంద గజపతిరాజు. మా వైపు వాళ్ళకి ఆ పేరు వింటే ఇప్పటికీ వెన్ను నిటారవుతుంది. 1960 నుంచి 62 దాకా విశాఖపట్నానికి పార్లమెంటు సభ్యుడు. పెదనాన్నగారు చదువుకునే రోజుల్లో ఆయన్ని దగ్గిరనుంచి చూసేరుట. 1930-31లో జాక్ హాబ్స్‌నీ, సట్‌క్లిఫ్‌నీ మన దేశం రప్పించి ఆడించిన ఘనత ఆయనది. బోర్డుకి అధ్యక్షుడు. 1958లో పద్మభూషణ్. యూనివర్సిటీ పిల్లలు ఇప్పటికీ విజ్జీ ట్రోఫీకి ఆడుతున్నారు.

అంతా నిజమే. కాని 1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకి ఆయన నాయకుడు. జట్టులో సి.కె. నాయుడుగారున్నారు, విజయ్ మర్చంటున్నాడు, ముస్తాక్ అలీ ఉన్నాడు. అందరిలోకీ బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ లేదని, టెస్టులు మొదలవకముందే ఓడెక్కించి ఇంటికి పంపేసేరు. విజ్జీగారు 3 టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. రెండు టెస్టులు ఓడిపోయేం. ఆ యాత్రలోనే ఆయనకి సర్ బిరుదొచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1932 యాత్రకి నాయకుడుగా వెళ్ళిన పోరుబందరు మహారాజుగారు, ఆటలో తన సత్తా తనకి తెలిసి, టెస్టు రోజున పక్కకి తప్పుకున్నారు. అందుకే నాయకత్వం నాయుడుగారి చేతికొచ్చింది. ఆ తప్పుకోవడం విజ్జీగారికి చేతకాలేదు. నేనీ మాటే అంటే పెదనాన్నగారు, “ఆడించినవాడికి విలువ లేదన్నమాట” అన్నారు. ఉంది. దానికి ట్రోఫీ ఉంది, విజయనగరంలో స్టేడియం ఉంది. ఆటగాళ్ళ గోడమీద కాదంటాను. బోర్డువాళ్ళు 1994లో సి.కె. నాయుడుగారి పేర ఒక బహుమానం పెట్టి, మొట్టమొదట ఎవరికిచ్చేరో తెలుసా? లాలా అమర్‌నాథ్‌కి.

విజ్జీగారికి ఒకటే వోటు.

అజారుద్దీన్ పేరు మా వారు తెచ్చేరు. హైదరాబాదువాడు. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ మూడు సెంచరీలు. ఆ పని ఇంకెవరూ చెయ్యలేదు. మొత్తం 99 టెస్టులు, 22 సెంచరీలు. ఆ మణికట్టు తిప్పుడు తలుచుకుంటే మా వారు కాఫీ గ్లాసు పట్టుకునే ఆడి చూపిస్తారు. 2000 డిసెంబరులో, మేచీలు అమ్ముకున్నారన్న గొడవలో, బోర్డువాళ్ళు జీవితాంతం ఆడకూడదన్నారు. ఆ నిషేధం చెల్లదని 2012 నవంబరులో మన హైకోర్టు కొట్టేసింది. “కోర్టే కొట్టేసేక మనకేమిటి?” అన్నారు మా వారు.

అన్నయ్య పీట్ రోజ్ కథ చెప్పేడు. 4,256 హిట్లు కొట్టినవాడు. ఇంతవరకూ అంతకి మించినవాడు లేడు. పందేలు కట్టేడని 1989లో ఆటనుంచి వెలివేసేరు. వెలిపడ్డవాడు కీర్తిమందిరం గుమ్మం తొక్కకూడదని 1991లో కట్టుబాటు చేసేరు. 2024 సెప్టెంబరులో అతను పోయేడు. 2025 మేలో, చనిపోయినవాళ్ళకి వెలి వర్తించదని తీర్మానించేరు. 1919 నాటి గొడవలో వెలిపడి 1951లో పోయిన జో జాక్సన్‌కి కూడా దాంతోపాటే విముక్తి.

“బతికుండగా విస్తరెయ్యకుండా తద్దినం నాడు వడ్డించేరన్నమాట,” అంది దొడ్డమ్మ.

ఆవిడ మాట బాగానే ఉంది. అయినా నేను అజారుద్దీన్‌కి వోటెయ్యలేదు. కోర్టు ఒద్దన్న నిందని నేను మొయ్యను. నా అభ్యంతరం వేరు. హైదరాబాదు ఉప్పల్ స్టేడియంలో ఒక స్టాండుకి ఆయన పేరు పెట్టింది 2019లో, అక్కడి క్రికెట్ సంఘానికి ఆయనే అధ్యక్షుడుగా ఉండగా. అది తగదని 2025 ఏప్రిల్‌లో సంఘం అంబుడ్స్‌మన్ పేరు తీసెయ్యమంటే, హైకోర్టు ఆ ఉత్తర్వుని ఆపింది. చట్టం ఎటు తేలుస్తుందో అది వాళ్ళ పని. ఎవరి సన్మానపత్రం వాళ్ళు చదువుకోకూడదన్నది నా చాదస్తం. ఆ పేరే ఇంకో అధ్యక్షుడు పెట్టి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేదాన్నేమో. ఆయనకి మూడు వోట్లు పడ్డాయి.

మిగిలింది రావి కల్పన. ఈ పేరు పిల్ల రాసింది. కృష్ణా జిల్లా అమ్మాయి. తండ్రి ఆటో నడిపేవారు. వికెట్ కీపరు. 2015, 16 సంవత్సరాల్లో భారత జట్టుకి 7 వన్డేలు ఆడింది. మిథాలీ రాజ్‌కి అడ్డొచ్చిన రూలు ఈమెకి అడ్డు రాలేదు, అదో విచిత్రం.

“ఏడు వన్డేలకి స్టాండా! దానికి తోడు మన గోడ కూడానా!” అన్నారు బావగారు.

“సి.కె. నాయుడువీ ఏడే,” అంది పిల్ల.

“అప్పుడు దేశానికే ఏడు. ఇప్పుడలా కాదు.”

బావగారు చెప్పింది సబబే. ఏడూ ఏడూ ఒకటి కాదు. పిల్ల కాసేపు చీటీ మడతపెడుతూ కూర్చుంది. తరవాత, “తాతగారి గోడ ఎవరు చూడ్డానికి?” అంది. “మా వీధిలో వాళ్ళం చూడ్డానికే గదా. లక్ష్మణ్‌లా ఆడమంటే నాకు చేతకాదు. మల్లీశ్వరిలా ఎత్తలేను. ఆటో ఇంటినుంచి ఆడ్డానికి వెళ్ళిన అమ్మాయి ఉందంటే, మా ఇంటినుంచి నేను వెళ్ళొచ్చేమో అనిపిస్తుంది.”

ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. పిల్ల బంతి బాగా వేస్తుంది. అరుగుమీద టీవీ చూసే కుర్రాళ్ళు దాని బంతికి బేట్ ఎత్తడానికి జంకుతారు. విశాఖపట్నంలో చిన్నపిల్లల సెలెక్షన్లకి దరఖాస్తు తెచ్చుకుంది. తండ్రి సంతకం కావాలి. ఆ కాగితం రెండు వారాలనుంచి బీరువాలో బావగారి పాన్ కార్డు పక్కన ఉంది. ఎండలో అంతదూరం, వారానికి రెండుసార్లు, చోడవరం మీదుగా బస్సులు మారుతూ ఎవరు తిప్పుతారన్నది ఆయన ప్రశ్న. దానికి మా అక్క దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

కల్పనకి నాలుగు వోట్లొచ్చేయి. పిల్లదీ, అక్కదీ, దొడ్డమ్మదీ, నాదీ. నెగ్గలేదు. నాలుగు చట్రాలే నిండుతాయి. అయిదోదానికి ఎవరూ లేరు. అది తప్పేం కాదుట. 2013లోనూ, 2021లోనూ అమెరికా పత్రికలవాళ్ళు వోట్లేసి ఒక్కరిని కూడా నెగ్గించలేదని అన్నయ్య చెప్పేడు. పెదనాన్నగారు మాత్రం ఆ సాయంత్రమే విజ్జీగారి బొమ్మ అయిదో చట్రంలో పెట్టించి, తన పడకగదికి తీసుకుపోయేరు. అక్కడ వోటింగు లేదు.

చీటీలన్నీ పోగుచేస్తూంటే పిల్ల తండ్రి చీటీ విప్పి చూసింది. మల్లీశ్వరి, లక్ష్మణ్, అజారుద్దీన్. కింద రెండు గళ్ళు ఖాళీ.

“నాన్నా, నీ దగ్గర ఇంకా రెండు వోట్లున్నాయి,” అంది.

బావగారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకుని, లోపలికి వెళ్ళేరు. బీరువా తీసిన చప్పుడైంది. కొంచెంసేపటికి, “దీని జనన ధ్రువీకరణ పత్రం ఎక్కడ పెట్టేవే? జిరాక్సు రెండు కాపీలు కావాలిట,” అని మా అక్కని కేకేసేరు.